సరే అన్నాడని అక్క చెప్పింది

అక్క సంచిలో పెట్టిన చొక్కాని తమ్ముడు బయటికి తీశాడు. అక్క మళ్ళీ పెట్టింది. తమ్ముడు మళ్ళీ తీశాడు.

ఈసారి తీసి ఊరుకోలేదు. మడత విప్పి కుట్టుమిషను బల్ల మీద పరిచాడు. అరచేత్తో సాపు చేశాడు. దాని మీద రెండు మోచేతులూ ఆనించుకుని కూర్చున్నాడు. ఇప్పుడు పెట్టు చూద్దాం అన్నట్టు చూశాడు.

"ఏంట్రా ఈ చంటిపిల్లాడి వేషాలు?" అంది అక్క. "బండి వచ్చే వేళయింది. మన సందులో బండి తిప్పే చోటు లేదని ఆ డ్రైవరు పోయినసారే చిర్రుబుర్రులాడాడు. హారన్ కొట్టగానే ఎక్కాలి."

తమ్ముడు మోచేతులు ఇంకాస్త బిగించాడు.

"ఒరేయ్, నీతోనే మాట్లాడేది. గోడతో కాదు."

"నేను సరే అనలేదు," అన్నాడు తమ్ముడు.

ఆ మాట ఇంకెవరి చెవిలోనన్నా పడితే గిన్నెలో గరిటె తిప్పిన చప్పుడనుకుంటారు. కుడి దవడలో పుట్టిన గడ్డ ఏళ్ళ తరబడి పెరిగి చెంపని మింగింది. నోటిని పక్కకి ఈడ్చింది. నాలుకకి మసిలే చోటు లేకుండా చేసింది. మాట లోపల నిక్షేపంగా పుడుతుంది. పెదవి దాటేసరికి మాట కాకుండా పోతుంది. ఆ చప్పుడులోంచి మాట ఏరుకోగలిగేది అక్క ఒక్కతే. అందుకే ఇన్నేళ్ళుగా అతని మాటలన్నీ లోకానికి అక్క నోటి మీదుగానే చేరాయి.

"మళ్ళీ మొదటికొచ్చావా?" అంది అక్క.

"డాక్టరు అడిగింది నన్ను. నేను వద్దన్నాను. సరే అంటున్నాడని నువ్వు చెప్పావు."

"చెప్పాను. కాదన్నానా?" అక్క సంచిని నేలకేసి కొట్టినంత పని చేసింది. "నీ నోటికి వదిలేస్తే ఏమవుతుందో నాకు తెలీదా? మొదటిసారి గేటు దాకా వచ్చి కడుపునొప్పి అన్నావు. రెండోసారి కుట్టుపని మిగిలిపోయిందన్నావు. ధర్మాసుపత్రి వాళ్ళు నిన్ను బతిమాలుతూ కూర్చుంటారా? ఆ డాక్టరు ఎక్కడినుంచో వచ్చి, లేనివాళ్ళకి ఊరికే ఆపరేషన్లు చేసి, మళ్ళీ తన దారిన తను వెళ్ళిపోయే మనిషి. నీ అలక తీరేదాకా కత్తి పట్టుకుని నిలబడతాడా?"

"అలక కాదు."

"మరేంటి? ఊపిరి దారి మూసుకుపోతోందని ఆయన చెప్పినప్పుడు నువ్వూ విన్నావుగా. నువ్వు నిద్రలో గాలి కోసం పడే పాట్లు వింటూ పడుకునేది నేను. నువ్వు కాదు."

ఆ గడ్డ క్యాన్సరు కాదని డాక్టరు చెప్పాడు. కానీ తనంతట తను ఆగే రకం కాదని కూడా చెప్పాడు. ఇప్పుడు తీయించుకోకపోతే తర్వాత తీయించుకోవడానికి మనిషే ఉండకపోవచ్చని, ఆ మాటని కాస్త మెత్తగా చుట్టి చెప్పాడు.

"అసలు నేనేం వద్దన్నానో నీకు తెలుసా?" అన్నాడు తమ్ముడు.

"ఆపరేషన్ వద్దన్నావు."

"అన్నానా?"

చొక్కా కోసం చాచిన అక్క చెయ్యి ఆగింది.

"మరింకేం వద్దన్నావు?"

తమ్ముడు చొక్కా ముడతని మళ్ళీ సాపు చేశాడు.

చెప్పడానికి పెద్ద కథేమీ లేదు. పాడైన దవడ ఎముకని గడ్డతో సహా తీసేస్తే ముఖం ఒకవైపు కూలిపోతుంది. అందుకని కాలి పిక్కలో ఉండే రెండెముకల్లో సన్నదాన్ని కొంత కోసి తెచ్చి దవడగా అమరుస్తారు. నడకకి ఢోకా లేదు. కానీ ఆ పాదం కొన్నాళ్ళు బిగుసుకుని ఉంటుంది. మునుపటంత చురుగ్గా ఆడకపోనూవచ్చు. వచ్చినవాడు దర్జీ అని తెలిసి డాక్టరు మంచి ప్రశ్నే వేశాడు. ఏ కాలితో మిషను తొక్కుతావు?

అక్క ఠక్కున చెప్పేసింది. "కుడికాలితోనండీ."

అయితే ఎడమకాలి ఎముక తీద్దామన్నాడు డాక్టరు.

"ఎడమకాలు వద్దు," అన్నాడు తమ్ముడు.

"సరే అంటున్నాడండీ," అంది అక్క.

అతను తొక్కేది ఎడమకాలితోనే. ఒకప్పుడు కుడికాలే. గడ్డ బరువుకి తల కుడివైపుకి ఒరగడం మొదలయ్యాక, ఒళ్ళు తూలకుండా కుడికాలిని నేలకి తన్నిపెట్టి ఎడమకాలితో తొక్కడం అలవాటు చేసుకున్నాడు. అక్కకి అది తెలియదు. ఎలా తెలుస్తుంది? అక్క తెర ముందు మనిషి. వీధి గదిలో నిలబడి కొలతలు తీసేదీ, గడువులు చెప్పేదీ, తిట్లు తినేదీ ఆమె. మధ్యలో మందపాటి తెర. తెర వెనక అతను, అతని మిషను, అతని కత్తెర. ఆ పేటలో అతన్ని తెర టైలరు అంటారు. ముఖం చూసినవాళ్ళు తక్కువ. అతని కుట్టు తొడుక్కోనివాళ్ళు లేరు.

ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆ ఒక్క మాట చెప్పడమే అతనికి ఇష్టం లేదు. ఒకే కప్పు కింద ఇన్నేళ్ళుంది. రోజంతా ఆ మిషను చప్పుడు వింటుంది. ఏ కాలు ఆడుతోందో ఒక్కనాడూ తొంగి చూడలేదు. అలాంటప్పుడు తనెందుకు చెప్పాలి?

"చెప్పవా?" అంది అక్క.

చెప్పలేదు.

"చెప్పకు. నీ మొండితనమంతా ఆ గడ్డలోనే ఉన్నట్టుంది. దాంతోపాటే కోసేస్తారులే."

వీధి గదిలో ఎవరో దగ్గారు.

"చెల్లెమ్మా, ఉన్నావా? కొట్టు తెరిచుంది, మనిషి లేదు. ఉన్న ప్యాంట్లన్నీ ఎత్తుకుపోదామని చూశాను. ఒక్కటీ నాకు ఎక్కేలా లేదు."

సిటీ బస్సు కండక్టరు. ఆయన గొంతు ముందొస్తుంది, మనిషి వెనకొస్తాడు.

అక్క ముఖం తుడుచుకుని తెర అవతలికి వెళ్ళింది. "ఇవాళ్టినుంచి కొట్టు మూత అన్నయ్యా. తమ్ముడికి ఆపరేషను."

"ఎంత మంచి మాట చెప్పావు! మరి నా యూనిఫాం సంగతేంటి? నిన్న నిండు బస్సులో వంగానో లేదో, వెనక పర్రుమంది. ఆడవాళ్ళ సీట్ల పక్కన. డ్యూటీ అయ్యేదాకా డ్రైవరు సీటుకే వీపు ఆనించుకుని టిక్కెట్లు కొట్టాను."

అక్క నవ్వింది. తమ్ముడు లోపల్నుంచి ఆ నవ్వు విన్నాడు. తెర అవతల అక్క నవ్వే నవ్వు వేరు. ఇవతలికి అది రాదు.

"కొలత మాత్రం తీసి ఉంచు," అంటున్నాడు కండక్టరు. "మీవాడు వచ్చాకే కుడతాడు. నేనైతే ఎక్కడికీ పోను. సన్నబడే ఆశ కూడా లేదు."

వెనక గుమ్మం దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది.

వచ్చింది తోడమ్మ. ఆసుపత్రిలో అందరూ అలాగే పిలుస్తారు. ఒకప్పుడు ఆమె కూడా ఇలాంటి గడ్డతోనే ఆ గుమ్మం తొక్కింది. నయమయ్యాక అక్కడే ఉండిపోయింది. చేరబోయేవాళ్ళని ఇంటినుంచి తీసుకెళ్ళడం, ఆపరేషనుకి ముందు పక్కన కూర్చోవడం, తర్వాత ముక్కులో వేసే గొట్టంలోంచి పాలు, జావ ఎలా పట్టాలో ఇంటివాళ్ళకి నేర్పడం ఆమె పని. చెవి కిందనుంచి గడ్డం దాకా సన్నటి గీత ఉంటుంది. నవ్వితే నోరు ఒకవైపే నవ్వుతుంది.

"బండి పెద్దవీధిలో ఇంకో ముసలావిణ్ణి ఎక్కించుకుంటోంది," అంది తోడమ్మ. "నేను ముందు నడిచొచ్చాను. కూర్చోనా తమ్ముడూ?"

అతను స్టూలు మీది గుడ్డముక్కలు తీసి కింద పడేశాడు.

"మొన్న డాక్టరు గదిలో నా ముందే ఎడమకాలు వద్దన్నావు," అందామె, కూర్చుంటూనే.

అతను బిత్తరపోయాడు. తన మాట, పొల్లు పోకుండా, అక్క కాని మనిషి నోట్లోంచి వచ్చింది. ఎవరో తన చొక్కా తొడుక్కుని ఎదురొచ్చినట్టయింది.

"మీకు అర్థమవుతుందా?" అన్నాడు. పరీక్ష చేద్దామని, మామూలుకంటే గబగబా, ముద్దముద్దగా అన్నాడు.

"అవుతుంది. కావాలని గజిబిజి చేశావని కూడా అర్థమైంది. నేనూ ఇలాగే మాట్లాడేదాన్ని. మా ఇంట్లో ఒక్కరికీ తెలిసేది కాదు. నీకు అక్కన్నా ఉంది."

"అక్కడే ఎందుకు చెప్పలేదు మరి?"

"డాక్టరు ముందు మీ అక్కని అబద్ధాలకోరుని చెయ్యమంటావా? సాయంత్రం డాక్టరు ఒక్కడూ ఉన్నప్పుడు చెప్పాను. రెండు కాళ్ళకీ రక్తం పారే దారులు చూసే ఉంచారట. కుడికాలి ఎముక తీస్తారు. అంతే. ఆ గొడవ అయిపోయింది."

మొన్నటినుంచి గుండెల మీద మోస్తున్న కోపం. ఆవిడ వచ్చి పూచికపుల్లలా తీసి పక్కన పడేసింది. అతనికి ఒళ్ళు తేలికపడలేదు. చేతులు ఖాళీ అయినట్టయింది.

"సంతోషం కనబడదేం?" అంది తోడమ్మ.

"ఈ ముఖంలో ఎక్కడ కనబడుతుంది?"

"నాకు కనబడుతుంది. ఇలాంటి ముఖం వెనక చాలాకాలం కాపురమున్నాను. కాలు సాకు. అసలు మాటేంటి?"

తెర అవతల కండక్టరు కిచకిచమన్నాడు. "అబ్బ, టేపు చక్కిలిగిలి పెడుతోంది చెల్లెమ్మా."

అతను చాలాసేపు గుడ్డపేలికని వేలికి చుట్టి విప్పుతూ కూర్చున్నాడు. ఆవిడ తొందరపెట్టలేదు. అక్కయితే ఈపాటికి అతను ఏమనబోతున్నాడో తనే ఊహించి, తనే అనేసి, తనే జవాబు చెప్పేసేది. ఈవిడ ఊరికే కూర్చుంది. మాట కోసం ఎవరన్నా అలా కాచుకుని కూర్చోవడం అతనికి కొత్త.

"మా బావ వంతెనలు కట్టేవాళ్ళ దగ్గర వెల్డరు," అన్నాడు చివరికి. "ఎక్కడ వంతెన పడితే అక్కడ రేకుల షెడ్డులో ఉంటాడు. అక్క పెళ్ళయిన కొత్తలో వెళ్ళింది. నాకు ఈ గడ్డ మొదలైంది. అమ్మ పోయింది. నేను మాట్లాడితే ఎవరికీ తెలియడం లేదని అక్క వచ్చేసింది. వచ్చింది, ఉండిపోయింది."

"ఊఁ."

"ఇప్పుడు బావకి ఇల్లిచ్చారు. గోడలున్న ఇల్లు. కొత్త వంతెన దగ్గర. వాళ్ళ జట్టు ఇవాళ సాయంత్రం రైలెక్కుతోంది. నువ్వు రాకపోతే ఇల్లు ఇంకో సంసారానికి ఇచ్చేస్తారని అక్కకి ఫోన్లో చెప్పాడు."

"మీ అక్క నీకు చెప్పిందా?"

"చెప్పలేదు. నేను పక్కనే కాజాలు కుడుతున్నాను. మాట సరిగా రానివాడికి చెవులు కూడా ఉండవనుకుంటారు మనుషులు."

తోడమ్మ నవ్వబోయి మానేసింది.

"ఆపరేషనైతే నాకు మాట వస్తుంది," అన్నాడు అతను. "కొలతలు నేనే తీసుకుంటాను. గడువులు నేనే చెబుతాను. ఇంక అక్కతో పనేముంది? ఈ గడ్డ ఉన్నన్నాళ్ళూ అక్క ఉంటుంది. గడ్డ పోతే అక్క పోతుంది."

అని, తను అన్నది తనే విని, తల దించుకున్నాడు. ఇన్నాళ్ళూ ఆ మాటని లోపల కూడా పూర్తిగా అనుకోలేదు.

తెర అవతల గొంతులు ఆగిపోయాయి. కాసేపటికి కండక్టరు గొంతు వినిపించింది.

"చెల్లెమ్మా, టేపు నా నడుం చుట్టూ వేసి బొమ్మలా నిలబడిపోయావేంటి? కొలత చూసి గుండె ఆగిందా?"

తోడమ్మ తెర వైపు చూసింది. గొంతు తగ్గించలేదు.

"పోతుంది తమ్ముడూ," అంది. "నీకు ఊరటగా ఉంటుందని వేరే ఏదో చెప్పను. నాకు తీసేశాక మొదట్లో అద్దం ముందునుంచి కదల్లేదు. తర్వాత బజారుకి వెళ్ళాను. అంతకుముందు నేను వీధిలోకొస్తే పిల్లలు పరిగెత్తేవాళ్ళు, పెద్దలు జాలిపడేవాళ్ళు, ఎవరో ఒకరు ఏదో ఒకటి అనేవాళ్ళు. ఆ రోజు ఒక్కరూ చూడలేదు. కూరగాయలావిడ తూచి ఇచ్చి పక్క మనిషితో మాట్లాడుకుంటోంది. ఇంటికొచ్చి ఏడ్చాను. దేనికోసం దేవుణ్ణి అన్నేళ్ళు అడిగానో అది దొరికితే, అది ఇలా ఉంటుందా అని."

"మరి?"

"మరేముంది? అలవాటైంది. కొన్నిరోజులు అలవాటు కాదు కూడా. కానీ ఊపిరి ఆడుతుంది. ఊపిరి ఆడితే మిగతావాటికి ఏడవొచ్చు."

"అవును. నాకు వెళ్ళాలనే ఉంది."

అది అక్క గొంతు. తెర అవతలనుంచే వచ్చింది.

"ఎక్కడికి?" అన్నాడు కండక్టరు. "ఇంకా కాళ్ళ పొడవు తీయలేదు కదమ్మా."

"మీరు కాసేపు కూర్చోండి అన్నయ్యా," అంది అక్క.

బెంచీ కిర్రుమంది. కండక్టరు కూర్చున్నట్టున్నాడు. ఆయన నోరు మూతపడగానే ఆ ఇల్లు ఎంత చిన్నదో తెలిసింది.

అక్క తెర తీయలేదు. దాని అంచుని పట్టుకుందని మాత్రం ఇవతలికి తెలుస్తోంది. ఆమె నాలుగు వేళ్ళు గుడ్డని నలుపుతున్నాయి.

"కిటికీ తెరిస్తే నది కనిపిస్తుందట," అంది. "నాకు చూడాలని ఉంది. తప్పా?"

"తప్పని నేననలేదు."

"అనవు. నువ్వేదీ అనవు. నీ బదులూ నేనే అనాలి, నా బదులూ నేనే అనుకోవాలి. ఎవరన్నా నన్ను బాగున్నావా అని అడిగితే, వాడు బాగున్నాడండీ అని నోటికొచ్చేస్తోంది."

తమ్ముడు పేలికని వేలికి బిగించాడు. వేలి కొన తెల్లబడింది.

"అందుకేనా డాక్టరుతో సరే అని చెప్పావు?"

అక్క వేళ్ళు నలపడం మానేశాయి.

"అందుకు కూడా," అంది.

బెంచీ మీద కండక్టరు కాళ్ళు సర్దుకున్నాడు. ఆయనకి తెర ఇవతలి మాటలు అర్థం కాకపోయినా అవతలి మాటలు అర్థమవుతున్నాయి. సగం పోట్లాట విని మిగతా సగం పూరించుకోగలిగిన అనుభవం బస్సులో ఆయనకి ఎంతైనా ఉంది.

"నువ్వు బతకాలని చెప్పాను," అంది అక్క. "నువ్వు బాగైతే నేను వెళ్ళొచ్చని కూడా చెప్పాను. రెంటిలో ఏది ముందని మాత్రం నన్నడక్కు. నాకే తెలీదు."

"బావకి ఏం చెప్పావు?"

"ఏమీ చెప్పలేదు. ముందు నీ కుట్లు మానాలి. అప్పటిదాకా నేను కదలను. ఆ ఇల్లు ఎవరికిస్తే ఏం?"

"ఎవరికిస్తే ఏం అని నువ్వనుకుంటున్నావా?"

అక్క ముక్కు ఎగబీల్చింది.

కుడి కాలో ఎడమ కాలో తెలియని అక్క మీద అతనికి మొన్నంతా ఒళ్ళు మండింది. ఇప్పుడు మంట లేదు. అక్క ఎప్పుడు అన్నం తింటుందో అతనికి తెలియదు. కొలతలు తీసి తీసి ఆమెకి ఏ భుజం నొప్పెడుతుందో తెలియదు. తెర అవతలికి తను మాత్రం ఎప్పుడు తొంగి చూశాడు?

వీధిలో హారన్ మోగింది.

మళ్ళీ మోగింది. "పేషెంటు రావాలమ్మా! వెనక లారీ ఉంది," అని డ్రైవరు కేక.

తోడమ్మ లేచింది. "తమ్ముడూ, నేను అడగాల్సింది నిన్నే. వస్తావా?"

తెర అవతల అక్క గొంతు సవరించుకుంది. అలవాటు. జవాబు ఆమె నోటిదాకా వచ్చేసినట్టుంది. అక్కడే ఆగింది.

అతను లేచాడు. బయటికి వెళ్ళినప్పుడు ముఖానికి చుట్టుకునే గుడ్డ మేకుకి ఉంది. దాన్ని చూశాడు. తీసుకోలేదు. ధైర్యమేమీ కాదు. గుడ్డ చుట్టుకుంటే ఉన్న కాస్త మాటా దానిలో కూరుకుపోతుంది. ఇప్పుడు అతనికి ఆ కాస్తా కావాలి.

తెర తొలగించి వీధి గదిలోకి వచ్చాడు.

వెలుతురు కళ్ళలో కొట్టింది. బెంచీ మీద కండక్టరు సగం లేచి, ఎటు చూడాలో తెలియక, తన ప్యాంటు కేసి చూసుకున్నాడు. తర్వాత మెల్లగా తలెత్తి అతని ముఖంలోకి చూశాడు.

"ఇన్నేళ్ళూ నా నడుం దాచిపెట్టింది నువ్వేనా నాయనా," అన్నాడు. "వెళ్ళిరా. అప్పటిదాకా ఈ చిరుగుతోనే తిరుగుతాను. ఇంకెవరికీ ఇవ్వను."

అతను తల ఊపి గుమ్మం దాటాడు. డ్రైవరు బండి తలుపు తీసి పట్టుకుని ఉన్నాడు. లోపల ఒక ముసలావిడ, ముఖానికి తువ్వాలు, పక్కన ఆమె కొడుకు. వాళ్ళ వెనక రెండు సీట్లు ఖాళీగా ఉన్నాయి.

"వస్తాను," అన్నాడు అతను డ్రైవరుతో. "నేనొక్కణ్ణే. అక్క రాకూడదు."

డ్రైవరుకి ఒక్క ముక్క అర్థం కాలేదు. అందరూ చూసినట్టే ఆయనా అక్క వైపు చూశాడు.

"ఏమంటున్నాడమ్మా?"

అక్క గుమ్మంలో నిలబడి ఉంది. మెడలో టేపు వేలాడుతోంది. ఆమె విన్నది. ఆమె పొరపడే అవకాశం లేదు. తోడమ్మ కూడా విన్నది, కానీ తోడమ్మ నేల చూపులు చూస్తోంది. ఆ మాట అక్కే చెప్పాలని ఆవిడ కనిపెట్టుకుని ఉన్నట్టుంది.

మొదటి సగం చెప్పి రెండో సగం మింగెయ్యడం ఎంతసేపు? వస్తాడట అని చెప్పి తనూ ఎక్కి కూర్చోవచ్చు. తమ్ముడు అక్క పెదవులనే చూస్తున్నాడు.

"వస్తానంటున్నాడు," అంది అక్క.

ఆగింది.

"ఒక్కడే వస్తాడట. నేను రాకూడదట."

ఇన్నేళ్ళుగా కొలతలు చదివి వినిపించిన గొంతుతోనే చెప్పింది.

డ్రైవరు తల గోక్కున్నాడు. "అలా కుదరదమ్మా. ఇంటిమనిషి లేకుండా ఎక్కించుకోవద్దని గట్టిగా చెప్పారు. ఆపరేషన్ తర్వాత ఊపిరికని గొంతులో గొట్టం వేస్తారు. కొన్నాళ్ళు ఈమాత్రం చప్పుడు కూడా రాదు. దాహమైనా, నొప్పైనా ఎవరు కనిపెడతారు?"

అతను తోడమ్మ వైపు చూశాడు.

"నాకు వార్డంతా ఉంది తమ్ముడూ," అందామె. "నీ ఒక్కడి పక్కనే కూర్చోలేను. కూర్చుంటానని చెబితే అది అబద్ధమవుతుంది."

అతను బండెక్కాడు. కిటికీ పక్క సీట్లో కూర్చుని తల అద్దానికి ఆనించాడు. పక్క సీటు ఖాళీగానే ఉంది. దించేస్తారో తీసుకెళ్తారో వాళ్ళిష్టం. తనంతట తను మాత్రం దిగడు. వెనక లారీవాడు ఆపకుండా హారన్ కొడుతున్నాడు.

అప్పుడు, కిటికీ పక్కకి వచ్చి నిలబడ్డ అక్క చేతిలో ఫోను మోగింది.

పేరు చూసి ఆమె ముఖం మారింది. మోగనిచ్చింది. ఆగి, మళ్ళీ మోగింది. ఈసారి చెవి దగ్గర పెట్టుకుంది. వంతెనల మీద ఇనుము మోతలో అరిచి అరిచి బావ గొంతు ఎప్పుడూ పెద్దదే. బండిలోకి కూడా వినిపించింది.

"సామాన్లు ఎక్కిస్తున్నారు. ఇంటి సంగతి ఇప్పుడే చెప్పాలట. వస్తున్నావా, లేదా?"

అక్క నోరు తెరిచింది. మాట రాలేదు.

వస్తోందని చెప్పాలని తమ్ముడికి నాలుక చివరిదాకా వచ్చింది. కిటికీలోంచి చెయ్యి చాపితే ఫోను అందేలా ఉంది. కానీ తను చెబితే బావకి ఏం తెలుస్తుంది? అర్థం చేసుకుని చెప్పేది అక్కే కదా.

"హలో? ఉన్నావా? ఏదో ఒకటి చెప్పు," అంటున్నాడు బావ.

అక్క తోడమ్మని చూసింది. గుమ్మంలో నిలబడ్డ కండక్టరుని చూసింది. చివరికి కిటికీ వైపు, తమ్ముడి వైపు చూసింది. అందరూ ఆమె నోటికేసే చూస్తున్నారు. ఆమె తరఫున చెప్పేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు.